రొదను జయించిన శిల్పి : సేథ్ లవర్

సంగీతానికి ప్రాణం నాదం. నాదానికి శత్రువు రొద. ఈ రెండింటినీ వేరుచేసే విద్యకై జీవితాన్ని ధారపోసిన వ్యక్తి సేథ్ లవర్. గాయకుల పేర్లు, వాద్యకారుల పేర్లు లోకమంతటా మార్మ్రోగుతాయి. వాద్యంలోని ఒక చిన్న భాగాన్ని రూపొందించిన వాని పేరు మాత్రం ఆ వాద్యపు అడుగుభాగానే మరుగున ఉండిపోతుంది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తప్పక తెలుసుకోదగిన జీవితం ఆయనది.

సేథ్ లవర్ 1910 జనవరి 1వ తేదీన అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, కలమజూ పట్టణంలో జన్మించారు. గిటార్ల నిర్మాణానికి పేరుగాంచిన గిబ్సన్ కర్మాగారం ఆ ఊరిలోనే ఉండేది. రేడియో విద్యలో ప్రావీణ్యం గడించిన లవర్ 1941లో ఆ సంస్థలో చేరారు. రెండవ ప్రపంచయుద్ధం ఆయనను నౌకాదళానికి తీసుకువెళ్ళింది. కొంతకాలం అటూ ఇటూ సాగిన ఉద్యోగ జీవితం 1952లో తిరిగి గిబ్సన్ సంస్థలో స్థిరపడింది.

ఆనాటి ఎలక్ట్రిక్ గిటారుకు ఒక తీరని వ్యాధి ఉండేది. గిటారు తంత్రుల క్రింద అమర్చే పికప్ అనే భాగంలో ఒక అయస్కాంతం, దాని చుట్టూ వేలాది చుట్లుగా సన్నని రాగితీగ ఉంటాయి. ఉక్కు తంత్రి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, తీగచుట్టలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. అదే యాంప్లిఫయర్‌లో పెద్దదై నాదంగా వినిపిస్తుంది. అయితే ఆ చుట్ట తంత్రి కంపనాన్ని మాత్రమే గాక, సమీపంలోని దీపాలు, ట్రాన్స్‌ఫార్మర్లు వెదజల్లే అలజడిని కూడా గ్రహిస్తుంది. అమెరికాలో సెకనుకు 60 ఆవర్తనాల విద్యుత్తు, మన దేశంలో 50 ఆవర్తనాల విద్యుత్తు ఇట్లే గుంయ్ మనే రొదను పుట్టిస్తాయి. పాత రేడియో విన్నవారికి ఇది అనుభవమే.

ఈ వ్యాధికి మందు కనిపెట్టవలసిందని సంస్థ అధ్యక్షుడు టెడ్ మెకార్టీ లవర్‌ను కోరారు. యాంప్లిఫయర్లలో రొదను అణచేందుకు వాడే చోక్ చుట్టల పద్ధతి లవర్‌కు సుపరిచితం. ఆ సూత్రాన్నే ఆయన పికప్‌కు అన్వయించారు. ఒక చుట్టకు బదులు రెండు చుట్టలను ప్రక్కప్రక్కన నిలిపి, ఒకదానికి ఉత్తర ధ్రువాన్ని, మరొకదానికి దక్షిణ ధ్రువాన్ని తంత్రుల వైపు త్రిప్పి, చుట్టలను ఎదురెదురుగా కలిపారు. బయటినుండి వచ్చే రొద రెండింటిలోనూ సమానంగా పుట్టి, ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది. తంత్రి నాదం మాత్రం ధ్రువాల భేదం వల్ల రెండింటిలోనూ ఒకే దిశలో చేరి బలపడుతుంది. ఈ పికప్‌కే హంబకర్ అని పేరు.

ఈ నిర్మాణంపై లోహపు కవర్ నొకదానిని అమర్చడం ఆయన దూరదృష్టికి నిదర్శనం. రెండు చుట్టలు అయస్కాంత సంబంధమైన రొదను అణచగలవు గాని, విద్యుత్ క్షేత్రం వల్ల చేరే అలజడికి భూసంధానం గల లోహకవచం అవసరం. ఇత్తడి కవర్‌లో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి నాదంలోని సన్నని స్వరాలను మ్రింగివేస్తాయి. నమూనాకు వాడిన స్టెయిన్‌లెస్ స్టీలుకు టంకం పట్టలేదు. కనుక విద్యుత్ నిరోధం ఎక్కువగా ఉండి, టంకం చక్కగా పట్టే జర్మన్ సిల్వర్‌ను ఆయన ఎన్నుకున్నారు. చిన్న రేకు వెనుక ఎంతటి ఆలోచనో చూడండి!

1955 జూన్ 22న పేటెంటుకు దరఖాస్తు చేయగా, 1959 జూలై 28న అది మంజూరైంది. 1957 నుండి గిబ్సన్ గిటార్లలో ఈ పికప్‌లు వచ్చాయి. అడుగున అంటించిన చీటీపై పేటెంటు దరఖాస్తు చేయబడినదని మాత్రమే ఉండేది. ఆ తరువాత, సుమారు 1962 నుండి, ముద్రించిన సంఖ్య లవర్ పేటెంటుది కాదు. లెస్ పాల్ పేరున ఉన్న తంత్రుల బిగింపు పరికరానిది. పోటీదారులను తప్పుదారి పట్టించుటకే ఇట్లు చేశారని పలువురు ఊహిస్తారు. ఏమైనప్పటికీ, సృష్టికర్త గుర్తు సృష్టిపై లేకుండాపోయింది.

1960ల ద్వితీయార్ధంలో మరొక వింత జరిగింది. పెద్ద యాంప్లిఫయర్లతో, మిక్కుటమైన ధ్వనితో వాయించే రాక్, బ్లూస్ గిటారు విద్వాంసులు లవర్ ఎంతో ఆలోచించి అమర్చిన ఆ కవర్‌ను తొలగించసాగారు. కవర్‌కూ చుట్టలకూ నడుమ ఖాళీ ఉంటే, అధిక ధ్వనికి ఆ రేకు అదిరి చెవులు చిల్లులు పడే కూత పుడుతుందన్నది వారి అనుభవం. కవర్ లేనిచో నాదం మరికొంత తేటపడుతుందని కొందరి నమ్మకం. విప్పిచూడగా కొన్నిటిలో నల్లని చుట్టలకు బదులు మీగడరంగు చుట్టలు బయటపడి, అవే అపురూప వస్తువులయ్యాయి. కాని రెండు చోట్ల పెట్టిన టంకాన్ని కరిగించి కవర్‌ను ఊడదీయడం సులభమైన పని కాదు. వేడి మితిమీరినా, పనిముట్టు జారినా, వెంట్రుకంత సన్నని రాగితీగ తెగి పికప్ మూగబోతుంది. పాత పికప్ అయితే దాని విలువ కూడా తగ్గిపోతుంది.

లవర్ 1967లో ఫెండర్ సంస్థకు మారి, రాగి, నికెల్, ఇనుముల మిశ్రమంతో మరలుగా మలచిన అయస్కాంతాలు గల మరొక హంబకర్‌ను రూపొందించారు. 1975లో పదవీ విరమణ చేశారు. 1990ల దశకంలో పికప్ నిర్మాత సేమర్ డంకన్ ఆయన సహకారంతో తొలినాటి హంబకర్‌ను పునర్నిర్మించి, దానికి లవర్ పేరే పెట్టారు. చీటీపై దక్కని పేరు అలా వృద్ధాప్యంలో వాద్యంపై దక్కింది. 1997 జనవరి 31న ఆయన కాలిఫోర్నియాలో కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులారా! పెద్దలు నిర్మించినదానిని విప్పిచూడటం తప్పు కాదు. విజ్ఞానం పెరిగేది అట్లే. కాని ఆ కవర్ ఎందుకు పెట్టారో ఎరిగి తీసినవాడు నేర్పరి. ఎరుగక తీసినవాడు తీగ తెంపుకుంటాడు. ప్రయోగశాలలో పరికరాన్ని చేతబట్టిన ప్రతిసారీ ఈ మాట మనకు గుర్తుండుగాక!