డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్

విలియం హాల్స్ రివర్స్ రివర్స్ (మార్చి 12, 1864 - జూన్ 4, 1922) ఇంగ్లాండుకు చెందిన వైద్యుడు, మనస్తత్వ శాస్త్రవేత్త, మానవశాస్త్రవేత్త. మొదటి ప్రపంచయుద్ధంలో మనసు చెదిరిన సైనికులకు సంభాషణ ద్వారా చికిత్స చేసిన తొలితరం వైద్యులలో ప్రముఖుడు.

తొలి జీవితం

ఈయన కెంట్ ప్రాంతంలోని చాథమ్ సమీపమున జన్మించాడు. మతాచార్యుడైన తండ్రి నత్తిని మాన్పుటలో పేరుపొందినవాడు. విచిత్రమేమిటంటే కుమారుని నత్తి మాత్రం చివరివరకు పూర్తిగా పోలేదు. 1886లో వైద్యపట్టా పొంది, 1893 నుండి కేంబ్రిడ్జిలో జ్ఞానేంద్రియాల గురించి బోధించాడు.

నీలగిరులలో

1901-02లో నీలగిరి కొండలలోని తోడా తెగవారిపై పరిశోధన జరిపాడు. అప్పట్లో నీలగిరులు, కోస్తా, రాయలసీమ జిల్లాలు ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. కుటుంబాల వంశవృక్షాలను ఓపికగా అడిగి వ్రాసుకొని 1906లో ది తోడాస్ అనే గ్రంథాన్ని ప్రచురించాడు.

యుద్ధకాలపు చికిత్స

1915 నాటికి ఎందరో సైనికులు గాయం లేకుండానే మూగబోయి, కాళ్ళుచేతులు పడిపోయి, పీడకలలతో యుద్ధరంగం నుండి తిరిగివచ్చారు. దీనికి షెల్ షాక్ అని పేరు వచ్చింది. కొందరు వైద్యులు వీరికి విద్యుత్ ఘాతాలిచ్చేవారు; జరిగినదంతా మరచిపొమ్మనుట సాధారణ సలహా. 1916 నుండి ఎడింబరో సమీపంలోని క్రెయిగ్‌లాకార్ట్ సైనికాసుపత్రిలో రివర్స్ దీనికి భిన్నమైన మార్గం అనుసరించాడు. భయంకర జ్ఞాపకాన్ని బలవంతంగా అణచుకొనుటయే రోగాన్ని పెంచుతున్నదని భావించి, దానిని కొద్దికొద్దిగా తలచుకొని, అందులో భరించదగిన అంశమొకటి వెదకునట్లు రోగికి తోడ్పడేవాడు. ఫిరంగిగుండుకు ఛిద్రమైన మిత్రుని దేహాన్ని కలలో చూచి వణికే ఒక అధికారికి, ఆ మరణం క్షణంలో బాధలేకుండా జరిగి ఉండునని తెలియజెప్పాడు. తరువాత అతని కలలు మారాయి.

అయితే పేలుడు ధాటికి శత్రువు శవంపై పడిన మరొక అధికారి జ్ఞాపకంలో భరించదగినదేదీ దొరకలేదు. అతనిని సైన్యం విడిచి పల్లెవాసానికి వెళ్ళమనుట తప్ప చేయగలిగింది లేకపోయింది. తన వైఫల్యాన్ని కూడ రివర్స్ దాచక వ్రాశాడు. ఫ్రాయిడ్ చెప్పిన అణచివేతను అంగీకరించినా, ఈ రోగులలో లైంగికత కంటె ప్రాణభీతియే ప్రధానమని వాదించాడు.

ససూన్

యుద్ధం కొనసాగింపును బహిరంగంగా ఖండించిన కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ 1917 జూలైలో ఈయన వద్దకు పంపబడ్డాడు. రివర్స్ దృష్టిలో అతనికి మతిభ్రమణం లేదు. కాని సైనిక వైద్యునిగా అతనిని తిరిగి యుద్ధానికి పంపవలసినదీ తానే. ఈ ధర్మసంకటం రివర్స్‌ను చాలాకాలం వెన్నాడింది. ఆ నవంబరులో ససూన్ విధులకు వెళ్ళాడు; 1918లో తలకు గాయమైనా బ్రతికి బయటపడ్డాడు.

మరణం

1922లో లేబర్ పార్టీ పార్లమెంటు అభ్యర్థిగా ఉండగా, ప్రేగు మెలిపడిన హెర్నియాతో రివర్స్ కేంబ్రిడ్జిలో ఆకస్మికంగా మరణించాడు. కలలపై ఈయన గ్రంథం 1923లో వెలువడింది. ఈయన జీవితాధారంగా పాట్ బార్కర్ 1991లో రీజనరేషన్ నవల రచించింది.