అభాగ్య బాలికలకు అమ్మ సావిత్రీబాయి ఫూలే

సావిత్రీబాయి ఫూలే పేరు విననివారు యీ రోజుల్లో అరుదు. ఆడపిల్లలకు బడి పెట్టిన పంతులమ్మగా ప్రతి యేటా జనవరి 3వ తేదీన ఆమె పటానికి దండ వేస్తున్నాము. మన పిల్లలు కూడా ఆమె మీద వ్యాసాలు రాస్తున్నారు. సంతోషమే. అయితే ఆమె చేసిన పని మరొకటి వుంది. దాన్ని గురించి సభల్లో పెద్దగా ఎవరూ మాట్లాడరు, మొహమాటపడతారు. చిన్న వయసు ఆడపిల్ల, ఆదుకునే భర్త లేని పిల్ల, కడుపుతో వుంటే ఎక్కడికి పోవాలి? ఎవరితో చెప్పుకోవాలి? యీ ప్రశ్నకు నూట అరవై యేళ్ల కిందటే సావిత్రీబాయి తన యింటి తలుపు తీసి జవాబు చెప్పింది. ఆ సంగతి తల్లిదండ్రులమైన మనందరికీ అవసరమని తలచి, ఆమె జీవితాన్ని క్లుప్తంగా మీ ముందు వుంచుతున్నాము.

సావిత్రీబాయి 1831 జనవరి 3న మహారాష్ట్రలోని సతారా జిల్లా నాయగావ్ అనే పల్లెలో పుట్టింది. తండ్రి ఖండోజీ నెవసే పాటిల్. 1840లో, తొమ్మిదో యేట, పుణెకు చెందిన జోతిరావు ఫూలేతో ఆమెకు పెళ్లయింది. పెళ్లికొడుకు వయసు పదమూడు. ఆ కాలానికి అది వింతేమీ కాదు. ఆమె అదృష్టమల్లా ఆ పెళ్లికొడుకు మంచివాడు కావడమే. భార్యను వంటింటికి పరిమితం చేయకుండా తానే అక్షరాలు నేర్పించాడు. తర్వాత ఆమె అహ్మద్‌నగర్‌లోనూ పుణెలోనూ పంతులమ్మ శిక్షణ పొందింది. 1848లో పుణెలోని భిడే వాడాలో దంపతులిద్దరూ ఆడపిల్లల బడి తెరిచారు.

ఆడపిల్లలు చదవడమేమిటని వూళ్లో పెద్ద గొడవ జరిగింది. బడికి పోయే దారిలో ఆమె మీద బురద, పేడ విసిరేవారనీ, అందుకే ఆమె మరో చీర వెంట పెట్టుకుని వెళ్లేదనీ చెబుతారు. వూరి పెద్దల ఒత్తిడికి తట్టుకోలేక జోతిరావు తండ్రి గోవిందరావు 1849లో కొడుకునూ కోడలినీ యిల్లు విడిచి పొమ్మన్నాడు. ఆ కష్టకాలంలో వారికి నీడ యిచ్చినవాడు జోతిరావు స్నేహితుడు ఉస్మాన్ షేక్. 1856లో సావిత్రీబాయి పుట్టింటి నుంచి భర్తకు రాసిన ఉత్తరంలో ఫాతిమా పేరు కనిపిస్తుంది. తాను లేనప్పుడు ఫాతిమాకు పని భారం ఎక్కువవుతుందన్న బాధ అందులో వుంది. నిలువ నీడ లేనప్పుడు ఒక ముస్లిం యింటి గుమ్మం ఆ దంపతుల కోసం తెరుచుకుందన్న సంగతి మన పిల్లలకు తప్పక చెప్పవలసినది. తర్వాతి రోజుల్లో వారు కూడా నీడ లేనివారికి తమ గుమ్మం తెరిచారు.

ఆ కాలపు పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి. అగ్రకులాల హిందూ కుటుంబాల్లో ఆడపిల్లలకు ఎనిమిది, తొమ్మిదేళ్లకే పెళ్లిళ్లు అయిపోయేవి. మొగుడు పోతే ఆ పసిపిల్ల జన్మంతా విధవే. మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లో చట్టం వచ్చింది గానీ, ఆ పెళ్లి చేయడానికి ఎవరు ముందుకొస్తారు? గుండు గీయించి, ఒంటిపూట తిండి పెట్టి, వెట్టిచాకిరీ చేయించుకునేవారు. ఆ యింట్లోనో పక్కింట్లోనో వున్న మగవాడి కన్ను ఆమె మీద పడితే కాపాడే దిక్కు లేదు. నెల తప్పితే నింద మాత్రం ఆమెదే. ఆ మగవాడు మర్నాడు కూడా వీధిలో పెద్దమనిషిగానే తిరిగేవాడు. ఆ పిల్ల నాటు మందు మింగాలి, లేదా నుయ్యో గొయ్యో చూసుకోవాలి.

యిటువంటి ఘోరం ఒకటి ఫూలే దంపతుల కళ్ల ముందే జరిగింది. జోతిరావు స్నేహితుడు గోవండే యింట్లో కాశీబాయి అనే వితంతువు వంట చేస్తుండేది. పొరుగునున్న ఒక శాస్త్రి ఆమెను లొంగదీసుకున్నాడు. గర్భం పోవడానికి మందులు యిచ్చారు, పోలేదు. బిడ్డ పుట్టాడు. లోకానికి భయపడి ఆమె ఆ బిడ్డను చంపి యింటి వెనుక బావిలో పడేసింది. పోలీసులు పట్టుకున్నారు, విచారణ జరిగింది, ఆమెకు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. అండమాన్‌కు పోయింది కాశీబాయి ఒక్కతే.

యీ సంఘటన సావిత్రీబాయి దంపతులను కలచివేసింది. అయ్యో పాపం అని వూరుకోలేదు. 1863లో తమ యింట్లోనే బాలహత్యా ప్రతిబంధక గృహం ప్రారంభించారు. అంటే శిశుహత్యలు జరగకుండా అడ్డుకునే యిల్లు. పురుడు రహస్యంగా, క్షేమంగా జరుగుతుందనీ, బిడ్డను తీసుకుపోవడమో వదిలిపోవడమో తల్లి యిష్టమనీ ప్రకటనలు రాయించి పుణె వీధుల్లో గోడల మీద అంటించారు. ఆ రోజుల్లో నలుగురూ పెదవి విప్పడానికి జంకే విషయాన్ని గోడకెక్కించడం మాటలు కాదు. యిల్లు పెట్టినంత మాత్రాన చాలదు, ఆపదలో వున్న పిల్లకు ఆ యిల్లు వుందని తెలియాలి కదా!

లోపలి భారమంతా సావిత్రీబాయిదే. పురుళ్లు జరిపించడం, బాలింతలకు పథ్యం చూడడం, వదిలివెళ్లిన పసిబిడ్డలను సాకడం ఆమె చేతుల మీదుగా నడిచేవి. అక్కడికి వచ్చిన పిల్లలు ఏ వీధుల్లోంచి వచ్చారో చూడండి. ఒకనాడు ఆమె మీద బురద విసిరిన వీధుల్లోంచే వచ్చారు. ఆమె ఆ లెక్కలు చూడలేదు. పరువు గురించి ఉపన్యాసం చెప్పలేదు. ముందు పిల్ల ప్రాణం, బిడ్డ ప్రాణం నిలవాలి అనుకుంది.

యిక్కడ మనం ఆగి ఆలోచించవలసిన లెక్క ఒకటి వుంది. 1884లో జోతిరావు తానే రాసిన వివరం ప్రకారం అప్పటికి 35 మంది గర్భిణులు ఆ యింటికి వచ్చారు. పుట్టిన బిడ్డల్లో మిగిలినవారు 5 మందే. ఆదరణ తక్కువై కాదు. కడుపు దాచుకోవడానికి మింగిన విషపు మందులు బిడ్డలను కడుపులోనే దెబ్బతీశాయి. అంటే వాళ్లు ఆలస్యంగా వచ్చారు. ఎందుకు ఆలస్యమైంది? భయం. ఎవరికైనా తెలిస్తే ఏమవుతుందోనన్న భయం. ఆ భయంతో గడిచిన ప్రతి నెలా ఒక ప్రాణానికి ముప్పు తెచ్చింది. సావిత్రీబాయి కథలో మేము అన్నిటికంటే ముఖ్యమని భావించేది యిదే. ఆదుకునే చేయి వుంటే చాలదు, పిల్ల భయపడకుండా వేళకు ఆ చేయి పట్టుకోగలగాలి.

ఫూలే దంపతులకు సంతానం కలగలేదు. జోతిరావుకు రెండో పెళ్లి చేయాలని పెద్దలు చూసినా ఆయన ససేమిరా అన్నాడని చెప్పుకుంటారు. ఆ గృహంలో పురుడు పోసుకున్న ఒక వితంతువు కొడుకును వారు దత్తత తీసుకున్నారు. పేరు యశ్వంత్. లోకం పాపపు పిండం అని పారవేయజూసిన ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై డాక్టరయ్యాడు. అటువంటి పుట్టుక కలవాడికి పిల్లనెవరిస్తారని లోకం అనుకుంది. అయినా 1889లో సాసనే కుటుంబంలోని అమ్మాయితో అతని వివాహం సత్యశోధక్ పద్ధతిలో జరిగింది.

1890 నవంబరు 28న జోతిరావు కన్నుమూశాడు. అంత్యక్రియల్లో వారసుడు పట్టవలసిన కుండను సావిత్రీబాయే పట్టుకుని ముందు నడిచింది. ఆ తర్వాత సత్యశోధక్ సమాజ్ పనిని తన భుజాన వేసుకుంది. 1897లో పుణెను ప్లేగు చుట్టుముట్టింది. డాక్టరు యశ్వంత్ చేత వూరి బయట ఆసుపత్రి పెట్టించి, రోగుల సేవకు దిగింది. ముంఢవాలో ప్లేగు సోకిన ఒక కుర్రవాడిని వీపున మోసుకుని ఆసుపత్రికి చేర్చింది. ఆ జబ్బు ఆమెకూ అంటుకుంది. 1897 మార్చి 10న ఆమె ప్రాణం విడిచింది. అప్పటికి వయసు 66.

మన తెలుగునాట కూడా యీ బాధ తక్కువేమీ కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించిన సంగతి మనందరికీ తెలుసు. చట్టాలు కూడా నెమ్మదిగా మారాయి. 1891లో సమ్మతి వయసు పదేళ్ల నుంచి పన్నెండుకు పెరిగింది. 2006 నాటి చట్టం 18 యేళ్లు నిండని ఆడపిల్ల పెళ్లిని నిషేధించింది.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 యేళ్ల ఆడపిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. తెలంగాణలో 5.8 మంది. దేశం మొత్తం మీద 6.8 మంది. వీరిలో ఎక్కువమంది తొందరపడి పెళ్లి చేసిన పిల్లలే. పూర్తిగా ఎదగని ఒంటికి కాన్పు గండం. రక్తహీనత, గుర్రపువాతం, తక్కువ బరువు బిడ్డ, యివన్నీ చిన్న వయసు తల్లులకు ఎక్కువగా వచ్చే ముప్పులని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు.

ఆనాడు సావిత్రీబాయి యిల్లు ఒక్కటే దిక్కు. నేడు తలుపులు చాలా వున్నాయి. వూళ్లో ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. వున్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు ఉచితంగా యిచ్చే పథకం 2011 నుంచి వుంది. 2014లో మొదలైన కిశోర ఆరోగ్య కార్యక్రమం కింద కౌమార వయసు పిల్లల కోసం ప్రత్యేక క్లినిక్కులు పెట్టారు. ఆపదలో వున్న పిల్ల కోసం 1098కి ఫోను చేయవచ్చు. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి 2015 నాటి చట్టం ఆమెకు 60 రోజుల గడువు యిచ్చింది. గర్భస్రావం విషయంలో డాక్టరు పేరు బయటపెట్టరాదని చట్టమే చెబుతున్నది. మైనరు బాలికకు సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. మైనరు గర్భస్రావానికి వచ్చినప్పుడు డాక్టరు పోలీసులకు తెలియజేయాలి గానీ, ఆ బాలికా సంరక్షకులూ కోరితే ఆమె పేరు చెప్పనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పు చెప్పింది. నూట అరవై యేళ్ల కిందట పుణె గోడల మీద అంటించిన మాట యిన్నాళ్లకు న్యాయస్థానం నోట వచ్చిందన్నమాట.

తలుపులున్నా పిల్ల అక్కడిదాకా పోవాలంటే ముందు యింట్లో ఒకరికి చెప్పుకోగలగాలి. అమ్మకు, ఖాలాకు, నానీకు, ఎవరో ఒకరికి. ఏం జరిగినా ముందు నాకు చెప్పు, కొట్టను, తిట్టను, డాక్టరు దగ్గరకు నేను వెంట వస్తాను అన్న ధైర్యం పిల్లకు ఆపద రాకముందే మనం యివ్వాలి. నెలసరి సంగతి, ఒంటి మార్పుల సంగతి పది పన్నెండేళ్ల వయసులోనే తల్లి నోట వింటే, రేపు కష్టం వచ్చినప్పుడు ఆ పిల్ల తల్లినే వెతుక్కుంటుంది. మగపిల్లలకు కూడా బాధ్యత నేర్పాలి. శాస్త్రిలాంటివాడు తప్పించుకుని కాశీబాయి ఒక్కతే శిక్ష అనుభవించే లోకం మనకు వద్దు.

సంఘ సభ్యులకు మా విన్నపం ఒక్కటే. పద్దెనిమిది నిండకుండా పిల్ల పెళ్లి తలపెట్టకండి. ఏ యింటి పిల్లకైనా ఆపద వచ్చిందని తెలిస్తే ఆ మాట వీధిలో పెట్టకండి. గుట్టుగా, వెంటనే ఆసుపత్రికి చేర్చండి. ఆనాడు 35 మందిలో 30 మంది బిడ్డలను తీసుకుపోయింది ఆలస్యమే. ఆ ఆలస్యం మన యిళ్లలో జరగకూడదు.