చెరసాలలో కథకుడైన సిపాయి - జాన్ బన్యన్

యాత్రికుని ప్రయాణము మనలో అనేకులు చదివిన పుస్తకము. దానిని వ్రాసిన జాన్ బన్యన్ పండితుడు కాడు. 1628లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డు దగ్గర ఎల్‌స్టో గ్రామములో పుట్టి, తండ్రివలె పాత గిన్నెలు బాగుచేసి బ్రతికినవాడు. 1644లో, 16వ యేట, పార్లమెంటు సైన్యములో సిపాయిగా చేరెను. ఒక ముట్టడికి ఆయనకు బదులుగా వెళ్లిన తోటి సిపాయి తుపాకి గుండు తగిలి చనిపోయెను.

1660 నవంబరులో, అనుమతి లేకుండ బోధించెనని ఆయనను చెరలో వేసిరి. ఇక బోధింపనని ఒప్పుకొనినయెడల విడిచిపెట్టెడివారే. ఇంట భార్య ఎలిజబెతు, నలుగురు పిల్లలు. వారిలో మేరి గ్రుడ్డిది. ఆ బిడ్డ తలంపే ఆయనను ఎక్కువగా కలచివేసెను. అయినను ఒప్పుకొనలేదు. చెరలోనే లేసులు తయారుచేసి ఇంటివారిని పోషించుచు 12 ఏండ్లు గడిపెను.

నవలవంటి ఈ కథను ఆయన చెరలో మొదలుపెట్టెను. 1678లో అచ్చయిన ఆ కథలో యాత్రికుడు ఏడ్చుచున్న భార్యాబిడ్డలను విడిచి పరుగెత్తును. 1684 నాటి రెండవ భాగములో ఆ భార్యాబిడ్డలే అదే దారిన నడచి వత్తురు. బన్యన్ 1688లో మరణించెను. మనము మొదటి భాగముతో ఆగిపోక, రెండవదియు ఇంటిల్లిపాది కూర్చుండి చదువుకొందము.