మూడు నెలలకో నివేదిక

1905లో పదిహేడేళ్ల శ్రీనివాస రామానుజన్ ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు. కుంభకోణం కాలేజీలో లెక్కలు తప్ప మరేదీ చదవక అప్పటికే స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలోనూ ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. అలాగని చదువు రానివారా? బడిలో ఉన్నప్పుడే లోనీ త్రికోణమితి పుస్తకం పూర్తిచేశారు. సైన్, కొసైన్‌లకు సంబంధించిన ఆయిలర్ సిద్ధాంతాలను సొంతంగా కనుక్కున్నారు. అవి పాతవేనని తెలిసి, నిరాశతో ఆ కాగితాలను ఇంటి పైకప్పులో దాచేశారు.

నెల్లూరు కలెక్టర్ రామచంద్రరావు కొంతకాలం ఆదుకున్నారు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో 30 రూపాయల గుమాస్తాగిరీ దొరికింది. కేంబ్రిడ్జిలోని హార్డీకి లేఖ రాశాక, 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయలు మంజూరు చేసింది. షరతు ఒక్కటే: మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి.

ఆ నివేదికల్లో ఆయన రాసింది నిశ్చిత సమాకలనుల గురించి. ప్రమేయాన్ని అనంత శ్రేణిగా విడదీసి, గుణకాల వరసకు ఒక సూత్రం పట్టుకుని, అందులో రుణసంఖ్య వేస్తే సున్నా నుంచి అనంతం దాకా సమాకలని విలువ వచ్చేస్తుందన్నది ప్రధాన సిద్ధాంతం. కొసైన్‌నే తీసుకుందాం. ఫ్యాక్టోరియల్స్ పక్కన పెడితే దాని గుణకాలు 1, 0, -1, 0 అంటూ తిరుగుతాయి. అంటే సూత్రం 90 డిగ్రీల గుణిజాల కొసైనే. అందులో -1/2 వేస్తే 45 డిగ్రీల కొసైన్. దాన్ని గామా ప్రమేయం ఇచ్చే పై వర్గమూలంతో గుణిస్తే చాలు, కొసైన్ ఎక్స్‌ను ఎక్స్ వర్గమూలంతో భాగించగా వచ్చే ప్రమేయానికి సమాకలని సగం పైకి వర్గమూలం అని తేలిపోతుంది. మామూలు పద్ధతుల్లో ఇది ఇంత తేలిగ్గా లొంగదు.

చిక్కంతా ఆ సూత్రం దగ్గరే ఉంది. పూర్ణాంకాల దగ్గర సరిపోయే సూత్రాలు ఎన్నయినా ఉంటాయి. 180 డిగ్రీల గుణిజాల సైన్‌ను కలిపితే పూర్ణాంకాల దగ్గర ఏమీ మారదు, ఎందుకంటే అక్కడ దాని విలువ సున్నా. -1/2 దగ్గర మాత్రం -1 వచ్చి జవాబు తప్పుతుంది. ఏ సూత్రం సహజమైనదో రామానుజన్ చూపు పట్టేసేది; ఎందుకు అదే కావాలో మాత్రం ఆయన నిరూపణ చెప్పలేకపోయింది. పరీక్షల్లో తప్పిన మనిషి, జీతం నిలబెట్టుకోవడానికి ఇచ్చిన కాగితాల్లో ఇంతటి సిద్ధాంతం పెట్టారన్నది మరవకూడదు.

మూడో నివేదిక తేదీ 1914 మార్చి 9. సరిగ్గా ఎనిమిది రోజులకు ఆయన ఇంగ్లండ్ ఓడ ఎక్కారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే, మద్రాసులో కన్నుమూశారు. గుణకాల సూత్రం మరీ వేగంగా పెరగకుండా ఉంటే ఆ సిద్ధాంతం నిలుస్తుందని, ఆ హద్దు ఎంతో చెబుతూ హార్డీ ఇచ్చిన నిరూపణ 1940 నాటి ఆయన పుస్తకంలో ఉంది. 180 డిగ్రీల సైన్ సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఆగిపోతుంది.