కలరిమీటరూ - మన యల్లాప్రగడ సుబ్బారావు గారూ

చిన్నారులూ! మీ స్కూలు సైన్సు ల్యాబులో కలరిమీటరు అనే పరికరం గురించి మీరు విని ఉంటారు, లేదా త్వరలోనే వింటారు. ఆ పరికరంతో మన భీమవరం అబ్బాయి ఒకాయన ప్రపంచానికి ఎంత మేలు చేశాడో ఈ ఏడు మీకు చెప్పాలనుకున్నాం.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. లాటిన్‌లో 'కలర్' అంటే రంగు, గ్రీకు నుంచి వచ్చిన 'మీటర్' అంటే కొలిచేది. తెలుగులో వర్ణమాపకం అనుకోవచ్చు. దీన్ని క్యాలరీమీటరుతో కలిపేసుకోకండి. ఇంగ్లీషులో రెండో అక్షరం ఒక్కటే తేడా. అక్కడ 'ఓ' ఉంటే రంగు, 'ఏ' ఉంటే వేడి. తెలుగులో రాస్తే ఆ తికమక ఉండదు, చూశారా!

అయితే కలరిమీటరు చెప్పేది ఇది ఎరుపా, నీలమా అని కాదు. ద్రావణంలో ఆ రంగుకు కారణమైన పదార్థం ఎంత ఉందో చెబుతుంది. ఇంట్లోనే చేసి చూడండి. ఒకేలాంటి రెండు గాజు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోయండి. ఒకదాంట్లో ఒక చుక్క, రెండోదాంట్లో రెండు చుక్కలు ఫుడ్ కలర్ వేసి కలపండి. తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూడండి. చిక్కగా ఉన్నదాన్ని సగం పారబోస్తే రెండూ ఒకే రంగులో కనిపిస్తాయి. పాతకాలపు డుబోస్క్ కలరిమీటరు పని చేసేది సరిగ్గా ఈ లెక్క మీదే. తెలిసిన ద్రావణం 20 మిల్లీమీటర్ల లోతులో, తెలియనిది 10 మిల్లీమీటర్ల లోతులో ఒకే రంగు చూపిస్తే, తెలియనిదాంట్లో పదార్థం రెండింతలు ఉన్నట్టు. ఇప్పటి పరికరాల్లో కంటికి బదులు కాంతిని కొలిచే సెన్సరు ఉంటుంది.

ఇక కథలోకి వద్దాం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు! మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ప్రొఫెసరు గారికి నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చారు. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. మందు లేని జబ్బులకు మందు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనలో అప్పుడే గట్టిపడింది.

1922లో, మామగారి సాయంతో, భార్య శేషగిరి గారిని ఊళ్ళో వదిలి బోస్టన్ చేరారు. ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. తర్వాత అక్కడి బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

అప్పట్లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కచ్చితంగా తేల్చడం కష్టంగా ఉండేది. భాస్వరం ఫాస్ఫేటు రూపంలో ఉన్నప్పుడు మాలిబ్డేటుతో కలిపి, మరో రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఆ నీలం ఎంత ముదురో కలరిమీటరులో చూస్తే భాస్వరం లెక్క తేలుతుంది. 1925లో వెలువడిన ఈ విధానానికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పేరు. తరతరాల విద్యార్థులు దాన్ని నేర్చుకున్నారు.

కండరాల రసాన్ని ఇలా పరీక్షిస్తే నీలిరంగు ఒక్కసారిగా రాకుండా నెమ్మదిగా ముదరసాగింది. ఇంకొకరైతే పరికరం పాడైందనుకునేవారేమో. వీళ్ళు ఎందుకని ఆరా తీశారు. కండరంలో సులువుగా విడిపోయే భాస్వరపు పదార్థం ఒకటి దాగి ఉందని తేలింది. అదే 1927లో బయటపడిన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో, జర్మనీలో లోమన్ లాగే వీరూ విడిగా ఎ.టి.పి.ని కనిపెట్టారు. మనం పరుగెత్తినా, రెప్ప వేసినా ఖర్చయ్యే శక్తి అదే.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లాబొరేటరీస్‌కి వెళ్ళారు. అక్కడ ఆయన నడిపించిన బృందాలు 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేశాయి. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి అది మందయింది! గోదావరి జిల్లాల్ని పీడించిన బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పిల్లల ల్యుకీమియా మీద తొలిసారి పనిచేసిన అమినోప్టెరిన్, ఆపై మెథోట్రెక్సేట్, యాంటీబయోటిక్ ఆరియోమైసిన్ - ఇవన్నీ ఆ చోటి నుంచే వచ్చాయి.

మన మోరిస్‌విల్‌కీ ఈ కథతో చుట్టరికం ఉంది. ఫిస్కే ల్యాబులోనే చదువుకున్న జార్జ్ హిచింగ్స్ పనిచేసిన కంపెనీ 1970లో మన పక్కనున్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కుకు వచ్చింది. 1988లో ఆయనకూ, సహచరి గెర్ట్రూడ్ ఎలియన్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే అసూయతో వెలుగులోకి రానివ్వలేదని చెప్పినది ఈ హిచింగ్సే. ఎలియన్ గారి మందు, సుబ్బారావు గారి బృందం మందు ఈనాటికీ ల్యుకీమియా పిల్లలకు కలిపే ఇస్తారు.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండెపోటుతో పోయారు. వయసు 53. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ ఇంటికి వెళ్ళలేకపోయారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోతే ముఖమైనా చూడలేదు. శేషగిరి గారి ఎదురుచూపు ఎదురుచూపుగానే మిగిలింది. ఏటా టిక్కెట్లు కొనుక్కుని ఊరెళ్ళొచ్చే మనం ఆ త్యాగంలో ఆవిడ వంతు కూడా గుర్తుపెట్టుకోవాలి.

పిల్లలూ! రేపు పొద్దున సీరియల్ డబ్బా పక్కన చదవండి. ఫోలిక్ యాసిడ్ అని కనబడితే, మూడోసారికి పరీక్ష పాసైన భీమవరం అబ్బాయి పేరు మీ తమ్ముడికో చెల్లెలికో చెప్పండి. తెలుగులోనే చెప్పండేం!