నవాబ్ అలీ నవాజ్ జంగ్

బీదరు జిల్లా పిల్లలకు మంజీర నది కొత్త కాదు. వేసవిలో ఇసుక మేటలు తేలి సన్నని పాయగా కనిపిస్తుంది. వానలు పడితే ఒడ్డులు ఒరుసుకొని పారుతుంది. మహారాష్ట్రలోని బాలాఘాటు కొండలలో పుట్టి, లాతూరు, బీదరు జిల్లాలను దాటి తెలంగాణలో ప్రవేశించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఈ నదికి అడ్డుకట్ట కట్టించి లక్షల ఎకరాలకు నీరు పారించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన కాలంలో బీదరు కూడ హైదరాబాదు సంస్థానంలోని జిల్లాయే.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877వ సంవత్సరం జూలై 11వ తేదీన జన్మించారు. అలీ నవాజ్ జంగ్ అన్నది తరువాత నిజాం ప్రభువు ఇచ్చిన బిరుదు. ఆ సంస్థానంలో బిరుదు వచ్చిందంటే సొంత పేరు మరుగున పడిపోయేది. ఈయన విషయంలోను అదే జరిగింది.

హైదరాబాదులో నిజాం కళాశాల వరకు చదివి, 1896లో ప్రభుత్వ విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్లారు. అక్కడ కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చేరారు. భారతదేశంలో పని చేయవలసిన ఇంజనీర్లను తయారుచేయడానికే ఆంగ్లేయులు నెలకొల్పిన కళాశాల అది. 1899లో తిరిగివచ్చి సంస్థానపు పబ్లిక్ వర్క్స్ శాఖలో సహాయ ఇంజనీరుగా ఉద్యోగం ప్రారంభించారు. 1918లో ప్రధాన ఇంజనీరు అయ్యారు.

1908 సెప్టెంబరులో మూసీ నదికి వరద వచ్చి హైదరాబాదు నగరంలో వేలాది ప్రజలు మరణించారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా కోరారు. వరదను నగరానికి ఎగువనే ఆపే జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. వాటిలో ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి అయినవి. ఈ రెండూ ముగింపుకు వచ్చినది అలీ నవాజ్ జంగ్ ప్రధాన ఇంజనీరుగా ఉన్న కాలంలోనే.

అయితే ఆయన పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది నిజాంసాగర్. తెలంగాణలో అంతకు ముందు వ్యవసాయం చెరువుల మీద ఆధారపడి ఉండేది. వాన రాకపోతే చెరువు నిండదు, చెరువు నిండకపోతే పంట లేదు. పెద్ద నదిని కట్టితే తప్ప ఈ కరవు తీరదని అలీ నవాజ్ జంగ్ భావించారు. 1923లో అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య మంజీర మీద పని ఆరంభమయింది. సుమారు మూడు కిలోమీటర్ల పొడవున రాతికట్టడం లేచింది. 1931 నాటికి ఆనకట్ట పూర్తి అయింది. దాని కింద సుమారు 2,75,000 ఎకరాలకు నీరు ఇవ్వాలని సంకల్పించారు. నీరు తోడనక్కర లేకుండ, నేల వాలును బట్టి కాలువలలో దానంతట అదే పారేటట్లు ఏర్పాటు చేశారు.

ఈ జలాశయం కోసం 40కి పైగా గ్రామాలను ఖాళీ చేయించారు. ఇండ్లు, బావులు, తాతముత్తాతల పొలాలు నీట మునిగిపోయినవి. ఇంజనీరు ఘనతను చెప్పుకొనేటప్పుడు ఆ గ్రామాలవారిని విడిచిపెట్టడం న్యాయం కాదు.

కాలువ నీరు వచ్చినంత మాత్రాన పంట పండిందా అంటే అదీ లేదు. మెట్ట పంటలకు అలవాటుపడిన రైతులకు మాగాణి సేద్యం కొత్త. దానికి పెట్టుబడి కూడ ఎక్కువ కావాలి. కృష్ణా, గోదావరి డెల్టాలనుండి రైతు కుటుంబాలు వచ్చి బోధన్, వర్ని ప్రాంతాలలో భూములు తీసికొని స్థిరపడ్డారు. వారు గుడిసెలు వేసికొన్న చోట్లు క్రమంగా ఊళ్లయినవి. ఆ ఊళ్ల పేర్ల చివర క్యాంపు అన్న మాట వినిపించడానికి కారణం ఇదే. చెరకు సాగు పెరగగా 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. అది 2015లో మూతపడింది.

మంజీర నీటితోపాటు ఎగువ పొలాల మట్టినీ మోసుకొని వచ్చింది. సుమారు 29.7 టి.ఎం.సి.ల నీరు పట్టే జలాశయం, 1970వ దశకం నాటికి పూడికవల్ల సగం కంటె తక్కువకు పడిపోయింది. తరువాత నీటిమట్టాన్ని పెంచి నిలువను సుమారు 17.8 టి.ఎం.సి.లకు తెచ్చారు. ఎగువన సింగూరు జలాశయం వచ్చినప్పటినుండి నిజాంసాగర్‌కు చేరే నీరు కూడ తగ్గింది.

ఉద్యోగ విరమణ తరువాత కూడ అలీ నవాజ్ జంగ్ నదులను విడిచిపెట్టలేదు. 1938లో భారత జాతీయ కాంగ్రెసు ఏర్పరచిన జాతీయ ప్రణాళికా సంఘానికి జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షులు. ఆ సంఘంలో నదులు, నీటిపారుదల గురించిన ఉపసంఘానికి ఈయన అధ్యక్షత వహించారు. తుంగభద్ర నీటి పంపకం విషయంలో మద్రాసు ప్రభుత్వంతో జరిగిన సంప్రదింపులలో హైదరాబాదు పక్షాన నిలిచారు. 1944లో రెండు ప్రభుత్వాలకు ఒప్పందం కుదిరింది. నేడు రాయచూరు, కొప్పళ జిల్లాల పొలాలకు పారే ఎడమ కాలువ నీరు ఆ ఒప్పందంలో హైదరాబాదుకు దక్కిన వాటా.

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తి అయింది. దానిని చూడడానికి ఆయన లేరు. 1949 డిసెంబరు 6వ తేదీన మరణించారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత అక్కడి ప్రభుత్వం ఆయన పుట్టిన రోజైన జూలై 11ను ఇంజనీర్ల దినంగా ప్రకటించింది.