మన ప్రత్తిపాడు సబ్‌రిజిస్ట్రారుగారు



నందమూరి తారక రామారావుగారిని నటుడిగా, ముఖ్యమంత్రిగా అందరూ తలచుకుంటారు. మన జిల్లావాళ్లం ఒకప్పటి సాటి ఉద్యోగిగా కూడా తలచుకోవచ్చు. 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఆయన గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీలో చదివారు. 1947లో పత్తి, మిరప పండే మన ప్రత్తిపాడులో సబ్‌రిజిస్ట్రారుగా చేరి, మూడు వారాలకే మానేసి సినిమాలకు వెళ్లిపోయారు. పింఛను వచ్చే ఉద్యోగాన్ని అలా వదులుకోవడం మనలో ఎవరివల్ల అవుతుంది!

1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు 59 ఏళ్లు. మరుసటి నెలలోనే మన పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. నేనప్పుడు గుమాస్తాను. మా సూపరింటెండెంటుగారు కూతురి పెళ్లి తలపెట్టి ఉండగానే రిటైరై ఇంటికి వెళ్లారు. ఆ కోపం నాకు చాలాకాలం పోలేదు.

1984లో రామారావుగారికి గుండెజబ్బు చేసి, అమెరికాలోని హ్యూస్టన్‌లో బైపాస్ ఆపరేషన్ జరిగింది. ఆగస్టు 14న తిరిగివచ్చారు. 16న గవర్నరు రాంలాల్‌గారు ఆయన్ను పదవినుంచి తొలగించారు. ఆయన చక్రాల కుర్చీలోనే ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతికి తన శాసనసభ్యుల బలం చూపారు. సెప్టెంబరు 16న మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

కొన్నేళ్ల క్రితం అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో ఒక రాత్రి నాకు గుండె పట్టేసినట్లయింది. ఒళ్లంతా చెమటలు. అక్కడి ఆస్పత్రి ఖర్చు తలచుకుని, గ్యాసేలే అని పడుకోబోయాను. అప్పుడు రామారావుగారు గుర్తొచ్చారు. కుర్చీ కదులుతున్నా ఆపరేషన్ బల్ల ఎక్కారాయన. నేను బిల్లుకు జంకడమా? కోడల్ని లేపాను. అంబులెన్సు వచ్చింది, స్టెంటు వేశారు. బయలుదేరేముందు ప్రయాణ బీమా కాగితంలో పాత బీపీ సంగతి దాచకుండా రాయడంతో ఖర్చు చాలావరకు గట్టెక్కింది.

ఆపరేషన్ తర్వాత రామారావుగారు పదకొండేళ్లకు పైగా జీవించి, 1985లోనూ 1994లోనూ ఎన్నికలు గెలిచారు. 1996 జనవరి 18న హైదరాబాదులో గుండెపోటుతో కన్నుమూశారు. 55 ఏళ్ల ఉత్తర్వును నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ రాత్రి నన్ను లేపి కూర్చోబెట్టింది ఆయనే.

పిల్లల దగ్గరకు విదేశం వెళ్లే మిత్రులకు ఒక్క మనవి. మందుల చీటీ జేబులో ఉంచుకోండి, బీమా కట్టించుకోండి, నొప్పిని మాత్రం దాచకండి.